ఇండికేటర్ టిక్ టిక్ వేగం మారితే

కారు ఇండికేటర్ వేసినప్పుడు వినిపించే టిక్ టిక్ ఉన్నట్టుండి వేగం అందుకుంటే, ఆ వైపు బల్బు ఒకటి పోయిందేమో ముందు చూడాలి. మామూలుగా ఇండికేటర్ నిమిషానికి 60 నుంచి 120 సార్లు వెలిగి ఆరుతుంది. ముందు, వెనక 21 వాట్ల బల్బులు, పక్కన 5 వాట్ల చిన్న బల్బు ఉన్న కారులో ఒక వైపు దాదాపు 4 ఆంపియర్ల కరెంటు పారుతుంది. పెద్ద బల్బు ఒకటి మాడిపోతే అది 2.2 ఆంపియర్లకు పడిపోతుంది. ఇండికేటర్‌ను వెలిగించి ఆర్పే ఎలక్ట్రానిక్ ఫ్లాషర్ ఈ తేడాను పసిగట్టి, డ్రైవరుకు తెలియాలనే వేగం పెంచుతుంది. అంటే ఫ్లాషర్ తన పని తాను చేస్తోంది. దాన్నే ముందు మార్చేయడం డబ్బు దండగ.

ఎల్ఈడీ బల్బులు పెట్టించినా ఇదే జరుగుతుంది. అవి చాలా తక్కువ కరెంటు తీసుకుంటాయి కాబట్టి బల్బు పోయిందనే ఫ్లాషర్ లెక్క. అదనంగా కరెంటు లాగే రెసిస్టర్ తగిలిస్తే వేగం తగ్గుతుంది కానీ అది బాగా వేడెక్కుతుంది. ప్లాస్టిక్‌కూ వైర్లకూ తగలకుండా లోహం మీద బిగించాలి.

అసలు ఇండికేటర్లే వెలగకపోతే, నాలుగు మూలల ఇండికేటర్లనూ ఒకేసారి వెలిగించే హజార్డ్ స్విచ్ నొక్కి చూడండి. నాలుగూ వెలిగితే బల్బులు, వాటి వైరింగ్ బాగున్నట్టే. ఇక చూడాల్సింది ఇండికేటర్ ఫ్యూజు, స్టీరింగ్ దగ్గరి స్విచ్చి.

ఎక్కువగా తికమక పెట్టేది ఎర్త్. బల్బు దాకా వచ్చిన కరెంటు కారు బాడీ గుండా బ్యాటరీ మైనస్‌కు తిరిగి వెళ్లాలి. వెనక లైట్ల ఎర్త్ వైరు బాడీకి బిగించిన చోట తుప్పు పడితే ఆ దారి మూసుకుపోతుంది. అప్పుడు కరెంటు పక్క బల్బు ఫిలమెంటు గుండా దొడ్డిదారి వెతుక్కుంటుంది. ఇండికేటర్ వేస్తే టెయిల్ ల్యాంపు కూడా దాంతోపాటు మినుకుమినుకుమంటే కారణం దాదాపుగా ఇదే.

వైరు తెగిందో లేదో చూసే పరీక్షలో మల్టీమీటర్ (వోల్టులు, నిరోధం కొలిచే మీటరు) చేసే బీప్ శబ్దాన్ని ఇక్కడ నమ్మకూడదు. ఆ పరీక్షలో మీటరు పంపేది చాలా కొద్ది కరెంటు. తెగిపోగా మిగిలిన ఒక్క పోగు మీదుగా కూడా అది దాటేస్తుంది, మీటరు బీప్ అంటుంది. బల్బుకు కావాల్సింది దాదాపు 2 ఆంపియర్లు. దారిలో 1 ఓమ్ నిరోధం ఉన్నా ఒకటిన్నర వోల్టు అక్కడే పోతుంది, వెలుగు మూడో వంతు తగ్గుతుంది. పగటి ఎండలో వెనక వచ్చే లారీ డ్రైవరుకు ఆ లైటు కనిపించకపోవచ్చు. నాకు భయం కలిగించేది అదే.

అందుకే బల్బు వెలుగుతుండగానే కొలవాలి. మీటరును డీసీ వోల్టుల మీద పెట్టి, ఒక మొన హోల్డర్ ఎర్త్‌కు, రెండోది బ్యాటరీ మైనస్‌కు ఆనించాలి. లైటు వెలిగిన క్షణంలో వచ్చే అంకె ముఖ్యం. 0.2 వోల్టు లోపు ఉంటే ఎర్త్ బాగున్నట్టు. 1 దాటితే బ్యాటరీ మైనస్ తీసేసి, ఎర్త్ బోల్టు విప్పి, మెరిసే లోహం కనిపించేదాకా గీకి, గట్టిగా బిగించి, పైన కాస్త గ్రీజు పూయాలి. బ్యాటరీ మళ్లీ తగిలించి, అదే చోట ఇంకోసారి కొలవాలి.