జీఆర్‌ఈ వెర్బల్ రీజనింగ్: అపోహలు – వాస్తవాలు

అమెరికాలో ఎం.ఎస్. చదవాలనుకునే ఇంజనీరింగ్ విద్యార్థులకు అక్కడి ప్రవేశాల కోసం రాసే జీఆర్‌ఈ పరీక్షలో ఇంగ్లిష్ భాగమైన వెర్బల్‌ను హైదరాబాద్‌లో బోధించడం నా వృత్తి. కొత్త బ్యాచ్ మొదలైన ప్రతిసారీ తొలిరోజున అవే నాలుగైదు మాటలు వినిపిస్తాయి. సీనియర్ల నుంచి జూనియర్లకు నోటిమాటగా దిగుతూ వచ్చిన ఆ మాటల్లో కొన్ని ఒకప్పుడు నిజాలే. పరీక్ష మారింది గాని మాటలు మారలేదు.

అపోహ: మూడున్నర వేల పదాలు బట్టీపడితే వెర్బల్ గట్టెక్కినట్లే.

వాస్తవం: వ్యతిరేక పదాలను గుర్తించే ప్రశ్నలు, పదాల జంటల మధ్య పోలికను పట్టుకునే ప్రశ్నలు ఉన్న రోజుల్లో ఈ మాటకు కొంత విలువ ఉండేది. 2011 ఆగస్టులో ఆ రెండు రకాలనూ తొలగించారు. ఇప్పుడున్నవి ఖాళీలు పూరించే టెక్స్ట్ కంప్లీషన్, సెంటెన్స్ ఈక్వివలెన్స్, గద్యభాగాల మీద అడిగే రీడింగ్ కాంప్రహెన్షన్. మొత్తం ప్రశ్నల్లో దాదాపు సగం ఈ చివరి రకానివే. బోధన మొదలుపెట్టిన కొత్తలో నేనూ విద్యార్థుల చేత రోజుకు యాభై పదాలు అప్పజెప్పించుకున్నవాణ్నే. పదాలన్నీ తడుముకోకుండా చెప్పినవాళ్లు మాక్ టెస్టులో అదే పదం వాక్యంలో ఎదురైతే తెల్లమొహం వేయడం చూశాక గాని నాకు తత్వం బోధపడలేదు.

పదాలు అక్కర్లేదని నా ఉద్దేశం కాదు. కానీ దెబ్బతీసేవి చాలాసార్లు తెలియని పదాలు కావు, తెలుసనుకున్న పదాలు. క్వాలిఫై అంటే అర్హత సాధించడమని మాత్రమే ఎరిగిన విద్యార్థికి, ఒక వాదనకు షరతులు చేర్చి దాని తీవ్రతను తగ్గించడాన్ని కూడా క్వాలిఫై చేయడమే అంటారని తెలియదు. డిస్‌ఇంటరెస్టెడ్ అన్నది చూడగానే ఆసక్తి లేదని అర్థం చెప్పుకొని ముందుకు పోతాడు. అక్కడ కావలసిన అర్థం నిష్పక్షపాతం.

అపోహ: సెంటెన్స్ ఈక్వివలెన్స్‌లో పర్యాయపదాల జంట దొరికితే అదే జవాబు.

వాస్తవం: ఈ ప్రశ్నలో ఆరు ఐచ్ఛికాలుంటాయి, రెండింటిని ఎంచుకోవాలి. ఆ రెండూ వాక్యానికి నప్పాలి, రెండు వాక్యాలకూ ఒకే భావం రావాలి. తరగతిలో దీన్ని నేను తెలుగు వాక్యంతోనే మొదలుపెడతాను: “ఆ అధికారి ముక్కుసూటి మనిషని పేరుపడినా, విచారణ సంఘం ఎదుట ఇచ్చిన సమాధానాలు మాత్రం ______ ఉన్నాయి.” ఐచ్ఛికాలు ఇవి: సూటిగా, డొంకతిరుగుడుగా, నిష్కపటంగా, కఠినంగా, మాట దాటవేసేలా, సుదీర్ఘంగా. సూటిగా, నిష్కపటంగా అన్నవి చక్కని జంటే. అయినా అవి జవాబు కావు, ఎందుకంటే “పేరుపడి” తర్వాత వచ్చిన ఆ ఒక్క దీర్ఘమూ, దానికి తోడు నిలిచిన “మాత్రం” అన్న మాటా వాక్యాన్ని ఎదురుదిక్కుకు తిప్పేశాయి. తెలుగులో ఈ సంగతి ఎవరూ చెప్పకుండానే అందరికీ తెలుస్తుంది. ఇంగ్లిష్‌లోకి వచ్చేసరికి ఆ మలుపు చెప్పే మాట, అంటే ఆల్దో వంటిది, తరచుగా వాక్యం మొదట్లోనే వచ్చి కూర్చుంటుంది. నాలుగు పంక్తులు దాటి ఖాళీ దగ్గరికి చేరేలోపు మనవాడు దాన్ని మరచిపోతాడు. అందుకే ఐచ్ఛికాలను కాగితంతో మూసి, ఖాళీలో రావలసిన మాటను ముందుగా తెలుగులోనైనా సరే అనుకోమంటాను.

టెక్స్ట్ కంప్లీషన్‌లో మూడు ఖాళీల ప్రశ్నకు ఒక్కో ఖాళీకి మూడేసి ఐచ్ఛికాలుంటాయి. మూడూ సరిగ్గా పెడితేనే మార్కు, రెండింటికి సగం మార్కు అనేది లేదు. గుడ్డిగా పెడితే తగిలే అవకాశం 27లో ఒకటి.

అపోహ: గద్యభాగంలోని విషయం మనకు ముందే తెలిసినదైతే అదృష్టమే.

వాస్తవం: తెలిసిన విషయమే ఎక్కువ ముంచుతుంది. ఒక చిన్న నమూనా చూడండి. “ధవళేశ్వరం ఆనకట్ట తర్వాత గోదావరి డెల్టాలో వరిసాగు విస్తరించిన మాట నిజమే గాని, డెల్టా సంపదకు దాన్నే ఏకైక కారణంగా చూపేవారు అంతకుముందు నుంచే అక్కడ సాగుతున్న వస్త్ర వ్యాపారాన్ని లెక్కలోకి తీసుకోవడం లేదు.” రచయిత ఏమంటున్నాడని అడిగితే మూడు ఐచ్ఛికాలిస్తాను. ఆనకట్టను ఆర్థర్ కాటన్ ఆధ్వర్యంలో నిర్మించారన్నది మొదటిది. ఆనకట్ట వల్ల డెల్టాకు ప్రయోజనం లేదన్నది రెండోది. సంపదకు ఆనకట్ట ఒక్కటే కారణమనడం సరిపోదన్నది మూడోది. గోదావరి జిల్లాల పిల్లలు మొదటిదాన్ని ఠక్కున పట్టుకుంటారు. అది లోకంలో నిజమే, కానీ ఆ వాక్యంలో లేదు. రెండోది రచయిత అన్నదాన్ని శ్రుతిమించి పెంచింది. మిగిలిన మూడోదే జవాబు, చప్పగా కనిపించినా. జీఆర్‌ఈలో సరైన జవాబు చాలాసార్లు ఇలా చప్పగానే ఉంటుంది.

అపోహ: తెలుగు మీడియం వాళ్లకు వెర్బల్ రాదు.

వాస్తవం: ఇంగ్లిష్ గలగలా మాట్లాడటానికీ, ఒక పేరాలో రచయిత ఎక్కడ ఒప్పుకుంటున్నాడో ఎక్కడ విభేదిస్తున్నాడో గుర్తించడానికీ సంబంధం చాలా తక్కువ. పత్రికల సంపాదకీయాలు శ్రద్ధగా చదివే అలవాటున్న తెలుగు మీడియం విద్యార్థి వాదనను పట్టుకోవడంలో వెనకబడటం నేను చూడలేదు. అతనికి కొరవడేది పదసంపద, చదివే వేగం. రెండూ రోజూ చదివితే కొన్ని నెలల్లో వస్తాయి. వాదనను పట్టుకునే అలవాటు లేనివాడితో నాకు అంతకంటే ఎక్కువ కష్టం.

అపోహ: ఒకసారి జవాబు పెడితే వెనక్కి వెళ్లే వీలుండదు, తప్పుకు మార్కు కోస్తారు.

వాస్తవం: రెండూ నిజం కావు. 2023 సెప్టెంబరు నుంచి వెర్బల్‌లో 12 ప్రశ్నలకు 18 నిమిషాల సెక్షన్ ఒకటి, 15 ప్రశ్నలకు 23 నిమిషాల సెక్షన్ ఒకటి ఉంటున్నాయి. మొదటి సెక్షన్‌లో ఎలా చేశామన్నదాన్ని బట్టి రెండోదాని కఠినత మారుతుంది గాని, సెక్షన్ లోపల ప్రశ్నను గుర్తుపెట్టుకొని తిరిగి రావచ్చు. రుణాత్మక మార్కులు లేవు గనక ఏ ప్రశ్ననూ ఖాళీగా వదలకూడదు.

అపోహ: కంప్యూటర్ సైన్స్ వాళ్లకు వెర్బల్ స్కోరు అక్కర్లేదు.

వాస్తవం: జీఆర్‌ఈని ఐచ్ఛికం చేసిన విభాగాలు ఇప్పుడు చాలానే ఉన్నాయి. అలాంటి చోట్ల స్కోరు పంపాలా వద్దా అన్నదే అసలు ప్రశ్న. అడిగే చోట వెర్బల్, క్వాంట్ (గణిత భాగం) స్కోర్లు వేర్వేరుగా, పర్సంటైల్‌తో (మనకంటే తక్కువ స్కోరు వచ్చినవారి శాతం) సహా వెళ్తాయి. రెండింటికీ కొలబద్ద 130 నుంచి 170 వరకే అయినా, వెర్బల్‌లో 160 వచ్చినవారి పర్సంటైల్ క్వాంట్‌లో అదే 160 వచ్చినవారి కంటే చాలా పైన ఉంటుంది. మన ఇంజనీర్లు దీన్ని గమనించక, క్వాంట్‌లో 168ని 169 చేయడానికి నెల ఖర్చుపెడతారు. ఆ నెలను వెర్బల్‌కు కేటాయించమని తొలిరోజే చెబుతాను. వినేవాళ్లు ఏ బ్యాచ్‌లోనైనా నలుగురైదుగురే.