ఆఖరి ముక్కే పెద్దది

బెంగళూరు మారతహళ్ళిలో మా పక్క ఫ్లాట్ కుర్రాడు సంక్రాంతికి కావలి వెళ్తూ హడావిడిలో మందుల స్ట్రిప్పు ఇక్కడే మర్చిపోయాడు. ఏడాదిగా డిప్రెషన్‌కి పారాక్సెటిన్ వాడుతున్నాడు. బాగానే ఉన్నాను కదా, ఎలాగూ మర్చిపోయాను, ఇంక మానేద్దాం అనుకున్నాడు. కనుమ నాటికి కళ్ళు పక్కకి తిప్పితే చాలు, తలలో కరెంటు కొట్టినట్టు జివ్వుమనేది. వికారం, పిచ్చి పిచ్చి కలలు, చిన్న మాటకే ఏడుపు. వాళ్ళమ్మ దిష్టి తీసింది. అతనేమో జబ్బు తిరగబెట్టిందనుకున్నాడు. రెండూ కాదు.

ఆ జివ్వుమనడాన్ని బ్రెయిన్ జాప్స్ అంటారు. డిప్రెషన్ తిరిగొస్తే ఇలా షాకులు కొట్టవు. విత్‌డ్రాయల్ (మందు మానితే ఒళ్ళు పడే అవస్థ) ఎక్కువగా మందు మానిన కొద్ది రోజుల్లోనే మొదలవుతుంది. డిప్రెషన్ అయితే వారాలు, నెలలు పట్టి మెల్లగా కమ్ముకుంటుంది.

అందరికీ ఇలా అవదు. 2024లో లాన్సెట్ సైకియాట్రీ అనే వైద్య పత్రికలో వచ్చిన విశ్లేషణ ప్రకారం, మానడం వల్లే లక్షణాలు వచ్చేది ఆరేడుగురిలో ఒకరికి. మందును బట్టి కూడా ఉంటుంది. పారాక్సెటిన్ ఒంట్లో సగానికి తగ్గడానికి సుమారు ఒక రోజు పడుతుంది, మరో డిప్రెషన్ మందు వెన్లాఫాక్సిన్‌కి కొన్ని గంటలే. ఫ్లూయాక్సెటిన్ రోజుల తరబడి ఉండి తనంతట తనే మెల్లగా దిగుతుంది. రోజు విడిచి రోజు వేసుకుంటూ మానేయమని చెప్పేవాళ్ళు మన ఇళ్ళల్లో చాలామందే ఉంటారు. మొదటి రెండు మందులకీ ఆ సలహా పనికిరాదు, ఒంట్లో మందు ఉయ్యాలలా ఊగుతుంది.

అసలు మెలిక డోసు లెక్కలో ఉంది. సిల్క్ బోర్డు వైపు వెళ్ళే 500డి బస్సు సాయంత్రం ఎలా ఉంటుందో తెలుసుగా. మెదడులో మూడ్‌తో ముడిపడ్డ రసాయనం సెరటోనిన్‌ను వెనక్కి లాక్కునే ప్రోటీన్లు సీట్లనుకోండి, మందు జనం. సిటాలోప్రామ్ అనే డిప్రెషన్ మందు 60 మిల్లీగ్రాములు వేస్తే దాదాపు 88 శాతం సీట్లు నిండుతాయి. 20 వేసినా 80 శాతం నిండుతాయి. డోసు మూడో వంతుకి పడిపోయినా దిగింది ఎక్కువగా నిలబడ్డవాళ్ళే. 9కి వస్తే 70 శాతం, 5కి వస్తే 60. ఆ చివరి అయిదూ ఒక్కసారిగా ఆపేస్తే? ఒకే స్టాపులో 60 శాతం సీట్లు ఖాళీ! 2019లో ఈ లెక్క చూపించి, డోసు తగ్గే కొద్దీ తగ్గించే మెట్లు ఇంకా చిన్నవి చేయాలన్నారు పరిశోధకులు మార్క్ హొరోవిట్జ్, డేవిడ్ టేలర్. హొరోవిట్జ్ తానే మందు మానబోయి అవస్థ పడ్డ డాక్టరు, అందుకే నాకు ఆయన మాట మీద గురి.

మన దగ్గర ఇంకో చిక్కుంది. ఎస్సిటాలోప్రామ్ అనే డిప్రెషన్ మందు, క్లోనాజెపామ్ అనే ఆందోళన తగ్గించే మందు కలిపిన ఒకే బిళ్ళ విరివిగా రాస్తారు. చాలామందికి తాము రెండు మందులు మింగుతున్నామనే తెలియదు. క్లోనాజెపామ్ ఒక్కసారిగా ఆపితే ఫిట్స్ కూడా రావచ్చు. స్ట్రిప్పు వెనక అక్షరాలు చిన్నవే, అయినా చదవండి.

పక్క ఫ్లాట్ కుర్రాడు డాక్టరుకి ఫోన్ చేసి పాత డోసు మళ్ళీ మొదలుపెట్టాక మూడు రోజుల్లో తేరుకున్నాడు. అంతవరకూ బైక్ తీయలేదు. ఇప్పుడు నెలకో చిన్న మెట్టు దిగుతున్నాడు, నిద్ర, తల తిరుగుడు రోజూ ఫోన్‌లో రాసుకుంటూ. లక్షణాలు గట్టిగా ఉన్న నెల అక్కడే ఆగుతాడు. నిన్న రాత్రి వాళ్ళ వంటింట్లో బిళ్ళని కత్తితో నాలుగు ముక్కలు చేయబోతే ఒకటి స్టవ్ కిందకి దొర్లింది. ఇద్దరం టార్చ్ వేసి వెతికాం.