మూడు స్టార్లు వస్తే సంబంధం గట్టిదేనా? కై-స్క్వేర్ టెస్ట్‌పై అపోహలు - వాస్తవాలు

రెండు విషయాలకు సంబంధం ఉందో లేదో చూసేది కై-స్క్వేర్ టెస్ట్. అది చేసి, సర్వే డేటాతో నా దగ్గరికి వచ్చేవాళ్లలో సగం మంది ఒకే మాటతో మొదలుపెడతారు: "పి విలువ 0.001 కన్నా తక్కువ వచ్చిందండీ, అంటే రెండింటికీ చాలా గట్టి సంబంధం ఉన్నట్టే కదా?" (సంబంధమేమీ లేకపోయినా ఇంత తేడా, లేదా ఇంతకన్నా ఎక్కువ, కేవలం యాదృచ్ఛికంగా వచ్చే అవకాశం ఎంతో చెప్పేదే పి విలువ.) ఎంతమందిని అడిగారు అంటాను. ఆ ప్రశ్నకూ దీనికీ ఏమిటి సంబంధం అన్నట్టు చూస్తారు. ఉన్న సంబంధమంతా అక్కడే ఉంది.

అపోహ: పి విలువ ఎంత చిన్నదైతే సంబంధం అంత బలమైనది.

వాస్తవం: కానే కాదు. చేత్తో వేసి చూడండి. 100 మంది స్త్రీలను, 100 మంది పురుషులను ఇంటి నుంచి పని చేయడం ఇష్టమేనా అని అడిగాం. స్త్రీలలో 55 మంది, పురుషులలో 45 మంది అవునన్నారు. ఇద్దరికీ తేడా లేదనుకుంటే చెరో 50 రావాలి (అడ్డు మొత్తాన్ని నిలువు మొత్తంతో గుణించి, అందరి మొత్తంతో భాగిస్తే వచ్చేది అదే). స్త్రీ/పురుషుడు, అవును/కాదు అని వేసిన టేబుల్‌లో ప్రతి గడిలో తేడా 5. దాని వర్గం 25, దాన్ని 50తో భాగిస్తే అర. నాలుగు గడులకూ కలిపి కై-స్క్వేర్ 2. పి విలువ 0.05 కన్నా తగ్గాలంటే ఇది దాటాల్సిన గీత 3.84, దాటలేదు.

ఇప్పుడు అదే సర్వే వెయ్యేసి మందితో చేశాం. 550, 450. శాతాల్లో రవ్వంత మార్పు లేదు. కై-స్క్వేర్ మాత్రం 20! రిపోర్టులో మూడు స్టార్లు (పి విలువ 0.001 కన్నా తక్కువ అనే గుర్తు) వెలుగుతాయి. బలపడింది సంబంధం కాదు, పెరిగింది మనుషులు. బలం కావాలంటే క్రామర్స్ వి (సంబంధం బలాన్ని 0 నుంచి 1 దాకా చూపే అంకె) చూడాలి. ఇలాంటి రెండు బై రెండు (రెండు అడ్డు, రెండు నిలువు వరుసల) టేబుల్‌కైతే కై-స్క్వేర్‌ను శాంపిల్ సైజుతో భాగించి వర్గమూలం తీస్తే చాలు. 200 మందికీ 0.1, 2,000 మందికీ 0.1. అంటే పలచటి సంబంధమే.

ఇందులోంచే రెండు పెద్ద తప్పులు పుడతాయి. ఒకటి, గడుల్లో మనుషుల సంఖ్యకు బదులు శాతాలు వేయడం. పై టేబుల్‌ను శాతాల్లో ఇస్తే సాఫ్ట్‌వేర్ ఎప్పుడూ 200 మందే అనుకుంటుంది. మీరు అడిగింది 40 మందినైనా సరే, 2,000 మందినైనా సరే.

రెండోది నేనే చేశాను. ఉద్యోగంలో చేరిన కొత్తలో 2,000 మంది సర్వేకి, ఒక్కొక్కరు జనాభాలో ఎంతమందికి ప్రతినిధో చెప్పే వెయిట్‌లు వేసి టెస్టులు నడిపాను. ప్రతి టేబుల్‌కీ మూడు స్టార్లు! ఎంత గొప్ప సర్వేనో అని మురిసిపోయి ప్రింట్ తీశాను. పై అధికారి ఒక్క పేజీ తిప్పి, అడుగున మొత్తం ఎంతుందో చదవమన్నారు. 20 లక్షలు. మేం ఇంటర్వ్యూ చేయని 19,98,000 మందిని కూడా సాఫ్ట్‌వేర్ లెక్కలో వేసేసుకుంది. ఆ రాత్రి రిపోర్టంతా మళ్లీ చేశాం. వెయిట్‌ల సగటు 1 అయ్యేలా సర్దితే ఈ రోగం కొంత తగ్గుతుంది, పూర్తిగా పోదు. ఒకే వీధిలో పదేసి ఇళ్లు తీసుకున్న క్లస్టర్ శాంపిల్ అయితే ఆ పది జవాబులూ ఒకదాన్నొకటి పోలే ఉంటాయి. వాటికి సర్వే డిజైన్‌ను లెక్కలోకి తీసుకునే రావు-స్కాట్ సవరణ కావాలి. సర్వే మాడ్యూల్ ఉన్న సాఫ్ట్‌వేర్లలో అది సిద్ధంగానే ఉంటుంది, వాడండి.

అపోహ: పి విలువ 0.05 దాటితే రెండూ స్వతంత్రమని రుజువైనట్టే, నా థీసిస్ పోయినట్టే.

ఈ ప్రశ్న ఎక్కువగా రాత్రి పదింటి తర్వాత ఫోన్లో వస్తుంది, గొంతులో వణుకుతో. టెన్షన్ పడకండి. దాటితే తేలింది ఇంతే: సంబంధం లేదనే మాటను కొట్టేయడానికి మీ డేటా చాల్లేదు. పైన 200 మంది టేబుల్‌లో జరిగిందీ అదే. వచ్చింది వచ్చినట్టు, క్రామర్స్ వితో సహా రాయండి, పరీక్షకులు తప్పుపట్టరు. రెండు వర్గాల్ని కలిపేసి, ఒకదాన్ని తీసేసి, 0.049 వచ్చేదాకా టేబుల్‌ను పిండారో, అప్పుడు నిజంగానే భయపడాలి.

తప్పు చేశామని సిగ్గుపడేవాళ్లకు ఒక మాట. 1900లో ఈ టెస్టు తెచ్చిన కార్ల్ పియర్సనే ఇలాంటి టేబుళ్లకు డిగ్రీస్ ఆఫ్ ఫ్రీడమ్ (మొత్తాలు ఖాయమయ్యాక స్వేచ్ఛగా మారగల గడుల సంఖ్య) తప్పు లెక్కేశాడు. రెండు బై రెండుకి 3 అన్నాడు. అది 1 అని 1922లో గణాంక శాస్త్రవేత్త రొనాల్డ్ ఫిషర్ చూపించాడు.

మిగతావి గబగబా. "ఏ గడిలోనూ 5 కన్నా తక్కువ ఉండకూడదు" అనేది సగం నిజం. చూడాల్సింది వచ్చిన సంఖ్య కాదు, ఆశించిన సంఖ్య (తేడా లేకపోతే రావాల్సింది). పెద్ద టేబుళ్లలో అయిదో వంతు గడుల దాకా 5 కన్నా తక్కువున్నా సాధారణంగా ఒప్పుకుంటారు, ఏదీ 1 కన్నా తగ్గకపోతే. రెండు బై రెండులో తగ్గితే ఫిషర్ ఎగ్జాక్ట్ టెస్ట్ చేయండి. సంబంధం ఉంటే ఒకటి రెండోదానికి కారణమా? ఆ సంగతి ఈ టెస్టుకు తెలియదు. ఒకే మనుషుల్ని శిక్షణకు ముందూ తర్వాతా అడిగితే ఇది కాదు, మెక్‌నిమార్ టెస్ట్. "వర్తించే అన్నింటికీ టిక్ పెట్టండి" అనే ప్రశ్నను మొత్తంగా ఒకే టేబుల్‌లో పెట్టకండి. ఒకే మనిషి మూడు గడుల్లో కూర్చుంటాడు. ఒక్కో ఆప్షన్‌ను విడిగా అవును/కాదు అని విడదీసి చూడండి.