బీడు (పోత ఇనుము) పగుళ్లకు మరమ్మతు: అపోహలు – వాస్తవాలు

కాలువలకు నీళ్లు వదిలి దమ్ము పనులు మొదలయ్యాయంటే విజయవాడ ఆటోనగర్‌లోని మా షెడ్డుకు పాత ట్రాక్టర్ల ఇంజనుల్లోని పగిలిన బీడు భాగాలు – హెడ్లు (సిలిండర్ల పైమూతలు), బ్లాకులు (సిలిండర్లు ఉండే ప్రధాన భాగాలు) – రావడం మొదలవుతుంది. వాటి వెంట కొన్ని నమ్మకాలు కూడా వస్తాయి.

అపోహ: బీడుకు వెల్డింగ్ నిలవదు.

వాస్తవం: నిలవనిది మామూలు ఇనుప రాడ్డుతో తొందరపడి పెట్టిన అతుకు. మెత్తని ఉక్కులో కర్బనం సుమారు 0.25 శాతం లోపే ఉంటుంది. బీడులో అది 2.5 నుంచి 4 శాతం వరకు ఉండి, చాలా భాగం గ్రాఫైటు రేకులుగా లోహం నడుమ పరచుకొని ఉంటుంది. వెల్డింగ్ ఆర్కు (రాడ్డు కొసన పుట్టే విద్యుత్ మంట) తగిలిన చోట కరిగిన బీడు, చుట్టూ ఉన్న చల్లని లోహం వేడిని గుంజుకోవడం వల్ల, కర్బనం రేకులుగా విడివడే వ్యవధి లేక, లేతు టూలుకు సైతం లొంగని తెల్ల బీడుగా గట్టిపడుతుంది. అతుకు చల్లారి కుదించుకుపోయే వేళ ఆ పెళుసు అంచు లాగుడుకు తట్టుకోలేక, టంగుమనే చప్పుడుతో అతుకు పక్కనే విడిపోతుంది.

అపోహ: ఖరీదైన నికెల్ రాడ్డు వాడితే చాలు.

వాస్తవం: నికెల్ అతుకు మెత్తగా ఉండి కొంత సాగుతుందన్న మాట నిజమే కాని, పనిలో సగం రాడ్డు ముట్టించక ముందే జరగాలి. పగులు కొసలు ఎక్కడున్నాయో కిరోసిన్, సుద్దపొడితో తేల్చుకొని, ఆ కొసల దగ్గర 3 మిల్లీమీటర్ల రంధ్రాలు వేసి, పగులు వెంట గాడి తీసి, ఏళ్ల తరబడి లోహంలోకి ఇంకిన నూనెను సన్నని మంటతో కాల్చివేయాలి. ఆ తరువాత ఒక్కో విడతకు అంగుళానికి మించకుండా అతుకు వేసి, వేడి మీదే సుత్తితో తేలికగా తట్టి, చేయి ఆనించగలిగేంత చల్లారాకనే తరువాతి అంగుళానికి వెళ్లాలి. జానెడు పగులుకు ఒక పూట పడుతుంది. పక్కన నిలబడిన రైతుకు మేము టీ తాగుతూ కాలక్షేపం చేస్తున్నట్టే కనిపిస్తుంది. మరో దారి, భాగమంతటినీ 500 నుంచి 650 డిగ్రీల సెల్సియస్ వరకు సమంగా కాచి, బీడు రాడ్డుతో గ్యాస్ వెల్డింగ్ చేసి, పొడి సున్నంలోనో బూడిదలోనో కప్పి రాత్రంతా చల్లారనివ్వడం. ఒక మూలను మాత్రమే ఎర్రగా కాల్చి అతికే మధ్యేమార్గమే అన్నిటికంటే చెడ్డది.

అపోహ: ఇత్తడితో అతికితే ఎక్కడైనా సరే.

వాస్తవం: ఇత్తడి అతుకుకు బీడు కరగనక్కరలేదు కనుక నీటి గదుల (ఇంజనును చల్లబరిచే నీరు తిరిగే ఖాళీల) గోడకూ, గేరుబాక్సు పెట్టెకూ అది మంచి పద్ధతి. పొగ వెళ్లే మ్యానిఫోల్డుకు పనికిరాదు. ఆ వేడికి ఇత్తడి బలం కోల్పోతుంది.

బ్లాకును కాచడం కుదరని చోట కుట్టు పద్ధతి ఉంది. పగులు వెంట రంధ్రాలు తీసి, మరలున్న పిన్నులను ఒకదాని అంచును మరొకటి కొరుకుతూ బిగించి, పగులుకు అడ్డంగా, రెండు వైపులనూ కలిపి పట్టే లోహపు తాళాలు దించుతారు. వేడే లేదు కనుక కొత్త పగులు భయం తక్కువ.

అపోహ: పాతబడినందువల్లే పగిలింది.

వాస్తవం: చలిదేశాల్లో బ్లాకులోని నీరు గడ్డకట్టి, ఉబ్బి గోడను చీలుస్తుంది. కృష్ణా, గుంటూరు జిల్లాల్లో ఆ ప్రమాదం లేదు. ఇక్కడ నేను ఎక్కువగా చూసేది దమ్ము మధ్యలో రేడియేటరు ఎండిపోయి సలసల కాగిన ఇంజనులో బోరు నీళ్లు ఒక్కసారిగా గుమ్మరించడం. ఉప్పు బోర్ల నీటి పొర నీటి గదుల్లో పేరుకుంటే హెడ్డులో వాల్వు సీట్ల (వాల్వులు మూసుకున్నప్పుడు ఆనే చోట్ల) నడుమ వేడి బయటకు పోదు. పగులు సాధారణంగా అక్కడే మొదలవుతుంది. ఆ పొరను తొలగించకుండా హెడ్డును మాత్రమే బాగు చేయించుకొని వెళ్లినవారు మరుసటి దమ్ముకు మళ్లీ వస్తారు.

అతికిన హెడ్డు ముఖాన్ని మెషినులో చదును చేయించి, నీటి ఒత్తిడితో పరీక్షించిన తరువాతే ఇస్తాము. పగిలిన ఫ్లైవీలును (ఇంజనుతో పాటు తిరిగే బరువైన చక్రాన్ని) మాత్రం ఎంత బతిమాలినా అతకము. తిరుగుతూ పగిలితే దాని ముక్కలు డ్రైవరు కాళ్ల వైపే వస్తాయి.