రోడ్డు మీద నిలిపిన బండికి రుసుమెందుకు?

చిరంజీవులైన పిల్లలకు ఆశీస్సులు.

మీలో ఎనిమిదో తరగతి చదువుతున్న ఒక అమ్మాయి నాకు ఉత్తరం రాసింది. ఆమె మేనమామ అమెరికాలో శాన్‌ఫ్రాన్సిస్కో నగరంలో ఉద్యోగం చేస్తున్నాడట. ఆ నగరం నడిబొడ్డున రోడ్డు పక్కన కారు నిలపాలంటే గంటకు ఇంతని కట్టాలనీ, ఆ ధర పొద్దున ఒకటి, మధ్యాహ్నం ఒకటిగా ఉంటుందనీ, కొన్ని నెలలకొకసారి అది పెరగడమో తగ్గడమో జరుగుతుందనీ, డబ్బును ఫోన్లోనే కట్టవచ్చనీ ఆయన చెప్పగా ఆమెకు చాలా ఆశ్చర్యం కలిగింది. "రోడ్డు అందరిదీ కదా తాతా, అందరి డబ్బుతో వేసిన రోడ్డు మీద మన బండి నిలుపుకుంటే మళ్ళీ డబ్బు ఎందుకు కట్టాలి? అదీ పూటకొక రేటు ఎందుకు?" అని అడిగింది. ఇది చాలా మంచి ప్రశ్న. పెద్దవాళ్ళు కూడా ఈ ప్రశ్న దగ్గరే కోపగించుకొని ఆగిపోతారు కాబట్టి, మీ అందరికీ కలిపి జవాబు రాస్తున్నాను.

నేను పుట్టి పెరిగింది బద్వేలు వైపు, ఒక చెరువు కింది పల్లెలో. ఆ చెరువు కూడా అందరిదే. మంచి వానలు పడి చెరువు నిండి మరవ పారిన ఏడు నీళ్ళను ఎవరూ లెక్కపెట్టేవారు కారు. ఎవరికి కావలసినప్పుడు వారు మడవ తిప్పుకొని మడి తడుపుకొనేవారు. కానీ నీళ్ళు తూము దగ్గరికి దిగిపోయిన ఏడు ఊరి తీరే మారిపోయేది. అప్పుడు మడులకు నీళ్ళు వంతులవారీగా పంచే నీరుగంటి మాటే మాట. ఆయన కాలువ గట్టు మీద ఒక కర్ర నాటి, దాని నీడ ఫలానా గీత దగ్గరికి వచ్చేవరకు నీ వంతు, ఆ తరువాత నీ కింది మడివాడి వంతు అని చెప్పేవాడు. మా అబ్బ మడి ఆయకట్టు కొసన ఉండేది. పై మడివాడు మడవ మూయడం మరిచిపోతే మా పైరు ఎండేది. చిన్నవాణ్ణి కావడం వల్ల నన్ను కాలువ వెంట కాపలాకు పంపేవారు. నీళ్ళ కోసం ఎదురు చూడడం ఎలా ఉంటుందో నాకు అప్పుడే తెలిసింది. నీరుగంటి ఎవరికీ నీళ్ళు అమ్మలేదు. అందరివైన నీళ్ళు అందరికీ అందేలా వంతు కాపాడాడు. అందుకు కోతల కాలంలో ప్రతి కళ్ళం దగ్గరా ఆయనకు కొలత ధాన్యం పెట్టేవాళ్ళం.

పోరుమామిళ్ళ చెరువు గురించి మీరు వినే ఉంటారు. విజయనగర రాజు మొదటి బుక్కరాయల కుమారుడు భాస్కరుడు దానిని కట్టించినట్లు చెప్పే 1369 నాటి శాసనం అక్కడ ఉంది. వెయ్యి మంది కూలీలు, వంద బండ్లు రెండేళ్ళపాటు పని చేసినట్లు అందులో రాశారు. చెరువుకు ఉండవలసిన పన్నెండు లక్షణాలతో పాటు ఉండకూడని ఆరు దోషాలను కూడా అది చెబుతుంది. వాటిలో ఒకటి, నీరు తక్కువై భూమి ఎక్కువ కావడం. మన నగరాల నడిబొడ్డున ఉన్నది ఈ దోషమే. నిలిపే చోటు కొద్ది, నిలపవలసిన బండ్లు కోకొల్లలు. ఒక కారు నిలవడానికి సుమారు రెండున్నర మీటర్ల వెడల్పు, అయిదు మీటర్ల పొడవు నేల కావాలి. దుకాణాల వరుస ముందు అటువంటి చోట్లు ఎన్ని ఉంటాయో మీరే ఊహించండి.

ఇప్పుడు రోడ్డును కాలువ అనుకోండి. పొద్దున్నే వచ్చి, దుకాణం ముందే తన బండి నిలిపి, రాత్రి దుకాణం మూసేవరకు తీయని యజమాని పై మడి రైతు. మధ్యాహ్నం పన్నెండు గంటలకు మందుల కోసమో, బిడ్డకు బట్టల కోసమో పల్లె నుంచి వచ్చినవాడు కొస మడి రైతు. పై మడివాడిలో దురుద్దేశం ఉండనక్కరలేదు. అడిగేవాడు లేడు కాబట్టి ఆయన మడవ మూయడు, అంతే.

సరిగ్గా ఈ ఇబ్బందే అమెరికాలోని ఓక్లహామా సిటీ అనే నగరంలో వచ్చింది. అక్కడ దుకాణాలలో, కార్యాలయాలలో పనిచేసేవారి కార్లే పొద్దుటి నుంచి సాయంత్రం దాకా రోడ్డు పక్కన నిలిచిపోయేవి. కొనడానికి వచ్చినవారికి చోటు దొరికేది కాదు. కార్ల్ మెగీ అనే పత్రికా సంపాదకుడు దీనికొక ఉపాయం ఆలోచించి, ఇంజనీరింగు కళాశాల ఆచార్యుల సాయంతో ఒక యంత్రం తయారు చేయించాడు. 1935 జూలై 16న ప్రపంచంలోని మొదటి పార్కింగ్ మీటరును ఆ నగరంలో నిలబెట్టారు. గంటకు అయిదు సెంట్ల నాణెం వేయాలి. లోపలి గడియారం తిరిగి గడువు ముగియగానే ఆ సంగతి పైకి కనబడుతుంది. దారిన పోయే ఎవరైనా చూసి, ఈ బండి వంతు అయిపోయిందని చెప్పగలరు. మా నీరుగంటి నాటిన కర్ర నీడ చేసిన పనినే ఇనుప స్తంభం మీది గడియారం చేసింది.

ఇక పూటకొక రేటు సంగతి. మరవ పారిన ఏడు నీరుగంటి కాలువ మీదికి వచ్చేవాడే కాదు. కరువు ఏడు రాత్రి కూడా లాంతరు పట్టుకొని తిరిగేవాడు. కట్టడి ఎంత ఉండాలో చెరువులోని నీటి మట్టమే ఆయనకు చెప్పేది. శాన్‌ఫ్రాన్సిస్కోవారు 2011లో ఇదే పద్ధతిని కొన్ని ప్రాంతాలలో మొదలుపెట్టారు. ప్రతి వీధిలోని చోట్లు ఏ వేళకు ఎంత నిండుతున్నాయో లెక్క తీసి, మరీ నిండిపోయే వీధిలో గంటకు పావు డాలరు పెంచారు, ఖాళీగా పడి ఉండే వీధిలో తగ్గించారు. వీధి నూటికి అరవై నుంచి ఎనభై పాళ్ళు నిండి, కొత్తగా వచ్చినవాడికి ఒకటో రెండో చోట్లు ఎప్పుడూ దొరకాలన్నది వారి గురి. చాలామంది భయపడినట్లు ధరలు అంతటా పెరగలేదు. ఆ ప్రాంతాలలో గంటకు సగటు రేటు 2.69 డాలర్ల నుంచి 2.58 డాలర్లకు తగ్గింది. చోటు వెతుక్కోవడానికి పట్టే సమయం కూడా బాగా తగ్గిందని వారి నివేదిక చెప్పింది. 2018 నుంచి ఈ పద్ధతిని నగరమంతటా విస్తరించారు.

చోటు వెతుక్కోవడం చిన్న విషయమని అనుకోకండి. లాస్ ఏంజెలిస్‌లో విశ్వవిద్యాలయం పక్కనున్న వెస్ట్‌వుడ్ అనే చిన్న బజారులో డోనల్డ్ షూప్ అనే ఆచార్యుడు లెక్క వేశాడు. కేవలం పదిహేను వీధిఖండాలున్న ఆ బజారులో, ఖాళీ చోటు కోసం చుట్లు తిరిగే కార్లన్నీ కలిసి ఒక్క ఏడాదిలో 9,50,000 మైళ్ళు నడిచాయట. అది భూమిని 38 సార్లు చుట్టినంత దూరం. పండుగ ముందు మన వై.వి. స్ట్రీట్‌లో ఒక్కో బండి ఎన్నిసార్లు తిరిగి ఏడు రోడ్ల కూడలికి వస్తుందో చూసినప్పుడల్లా నాకు ఈ లెక్క గుర్తుకొస్తుంది. ఆ పొగ పీల్చేది కారులోని వారు కాదు. రోడ్డు వారగా పూలు, పండ్లు పెట్టుకొని కూర్చున్నవారు.

వసూలైన డబ్బు ఎక్కడికి పోతుందన్నది అన్నిటికంటె ముఖ్యమైన ప్రశ్న. మన సీమలో పూర్వం దశబంధం అనే ఏర్పాటు ఉండేది. చెరువును కట్టి, మరమ్మతు చేసి కాపాడేవారికి భూమిని మాన్యంగా ఇచ్చేవారు; ఆ ఫలసాయంతో వారు చెరువును బాగుచేస్తూ ఉండాలి. నీటి వల్ల వచ్చిన ఫలం మళ్ళీ కట్ట మీదికే చేరాలన్నమాట. కాలిఫోర్నియాలోని పాసడీనా పాత బజారులో 1993లో మీటర్లు పెట్టినప్పుడు దుకాణదారులు మొదట ఒప్పుకోలేదు. ఆ డబ్బును ఆ వీధుల కాలిబాటలకు, దీపాలకు, శుభ్రతకే ఖర్చు పెడతామని నగరపాలకులు మాట ఇచ్చి నిలబెట్టుకున్న తరువాత బజారు కళకళలాడింది. దీనికి భిన్నంగా షికాగో నగరం 2008లో తన మీటర్లను 75 ఏళ్ళపాటు ఒక ప్రైవేటు సంస్థకు అప్పగించి, సుమారు 115 కోట్ల డాలర్లు ఒక్కసారే తీసుకుంది. వెంటనే రేట్లు పెరిగాయి. ఆ వచ్చిన సొమ్ములో చాలా భాగం కొన్నేళ్ళలోనే ఖర్చయిపోయింది. చెరువును గుత్తకు ఇచ్చి కట్టను మరిచిపోవడం అంటే ఇదే. ఎప్పుడైనా మన ఊరి రోడ్ల మీద రుసుము పెడితే, ఈ డబ్బుతో ఈ వీధికి ఏమి చేస్తారని పెద్దవాళ్ళు మొదట అడగాలి. వారు అడగకపోతే మీరు అడగండి.

డబ్బున్నవాడు ఎంతసేపైనా నిలుపుకుంటాడు, లేనివాడి గతి ఏమిటని మీకు సందేహం రావచ్చు. రావాలి కూడా. నీరుగంటి మనిషి కలిమిని చూడలేదు, నీడను మాత్రమే చూశాడు. కాబట్టి రుసుముతో పాటు ఇంతసేపే నిలపాలనే గడువు కూడా ఉండడం న్యాయమని నా అభిప్రాయం. కారు ఆక్రమించే నేలలో నాలుగైదు మోటారు సైకిళ్ళు పడతాయి కనుక వాటి రుసుము ఆ లెక్కనే తక్కువగా ఉండాలి. నడవలేనివారి వాహనాలకు చోటు విడిగా ఉంచాలి. తోపుడు బండివారి బతుకు తెరువును పార్కింగు పేరుతో తొలగించకూడదు. పార్కింగు రుసుము ఆ నేల విలువకు తగినట్లు ఉండాలని 2006 నాటి మన జాతీయ పట్టణ రవాణా విధానం చెబుతుంది. ఆ విలువలో ఈ మనుషుల విలువ కూడా కలవాలి.

ఫోన్లో కట్టడం గురించి కొద్దిగా చెబుతాను. నాణేలతో నడిచే మీటరులో చిల్లర లేకపోతే ఇబ్బంది. ఫోనులో అయితే బండి నంబరు కొట్టి గడువు ఎంచుకొని కట్టవచ్చు, పని ఆలస్యమైతే, గడువు పెంచే వీలున్నచోట, ఉన్నచోటి నుంచే పెంచుకోవచ్చు. మన దేశంలో 2016లో యూపీఐ వచ్చాక ఈ అలవాటు మనకు కొత్తేమీ కాదు. అయితే 2022లో అమెరికాలోని ఆస్టిన్ నగరంలో పార్కింగు యంత్రాల మీద మోసగాళ్ళు తమ క్యూఆర్ కాగితాలు అతికించి జనం డబ్బు కాజేయాలని చూశారు. మీ నాయన ఎక్కడ స్కాన్ చేసినా, పిన్ కొట్టకముందు తెరపై వచ్చిన పేరు ఎవరిదో చదివి చెప్పడం మీ పనిగా పెట్టుకోండి. చేతికి డబ్బు ఇస్తే రసీదు అడగండి. మామూలు ఫోను మాత్రమే ఉన్న ముసలివారికి నగదుతో కట్టే దారి కూడా తప్పకుండా ఉండాలి.

ఒక వీధిలో ఇంత, పక్క వీధిలో అంత అని రేటు కట్టే గణితాన్ని ఇక్కడ వివరించను. దానికి ముందు మీరు చూడవలసింది ఒకటి ఉంది. వచ్చే ఆదివారం ఇంట్లో పెద్దవారిని తోడు తీసుకొని, రద్దీగా ఉండే ఒక వీధిలో కాలిబాట మీదో, తెలిసినవారి దుకాణం మెట్ల మీదో నిలబడండి. ఎదురుగా ఉన్న పది బండ్ల చివరి రెండంకెలు కాగితం మీద రాసుకోండి. అరగంటకొకసారి చూసి, వెళ్ళిపోయిన వాటికి గీత పెట్టండి, కొత్తగా వచ్చిన వాటిని చేర్చండి. చోటు కోసం వచ్చి, నెమ్మదించి, చూసి, దొరకక ముందుకు పోయిన బండ్లను వేరే వరుసలో లెక్కపెట్టండి. మధ్యాహ్నానికి ఆ కాగితం మీద పై మడి ఎవరిదో, కొస మడి ఎవరిదో మీకే కనిపిస్తుంది. దానిని నాకు పంపండి. ఆ వీధికి రుసుము అవసరమో కాదో, అవసరమైతే ఏ వేళకు ఎంతో, మీ లెక్క దగ్గర పెట్టుకొని మాట్లాడుకుందాం.

ఆశీస్సులతో,
మీ తాత
కడప