బరంపురంలో కూర్చుని తెలుగు రేడియో నాటకం ఎవరికి రాయాలి?

ఒడిశాలోని బరంపురం, పర్లాకిమిడి, రాయగడ వైపు తెలుగు ఇళ్లలో నాటకం రాసే అలవాటు ఇంకా పోలేదు. ఇప్పుడు కొత్తగా రాసేవాళ్లు స్టేజీ కోసం కాకుండా చెవి కోసం రాస్తున్నారు. స్టేజీకి హాలు కావాలి, మేకప్ కావాలి, చందాలు కావాలి. ఆడియో నాటకానికి ఒక గది, నాలుగు గొంతులు, ఒక ఫోను ఉంటే మొదలుపెట్టొచ్చు. చిక్కు వచ్చేది స్క్రిప్టు పూర్తయ్యాకే. కటక్, బరంపురం ఆకాశవాణి కేంద్రాల నాటకం ఒడియాలో నడుస్తుంది. విశాఖ, విజయవాడ కేంద్రాలకేమో వీళ్లు పక్క రాష్ట్రంవాళ్లు. మరి ఈ స్క్రిప్టు ఎవరికి పంపాలి? ఈ ప్రశ్నకి మూలం 1936లో ఉంది.

ఆ ఏడాది ఏప్రిల్ 1న ఒడిశా ప్రత్యేక రాష్ట్రమైంది. మద్రాసు ప్రెసిడెన్సీలో ఉన్న గంజాం, కోరాపుట్ ప్రాంతాలు, పర్లాకిమిడి పట్టణంతో సహా, అటు చేరాయి. రెండు నెలలు దాటాక, జూన్ 8న, ఢిల్లీలో ప్రభుత్వ రేడియోకి ఆలిండియా రేడియో అని పేరు పెట్టారు. మద్రాసు కేంద్రం మొదలైంది 1938 జూన్ 16న. తెలుగు ప్రసారాలకి మొదటి పెద్ద ఇల్లు అదే, అందులోనూ సగం వాటా తమిళానిది. అంటే మన భాషకి రేడియో వచ్చేసరికే గీత గీసేశారు. బరంపురం తెలుగువాడు రేడియోకి మొదటిరోజు నుంచీ బయటి శ్రోతే.

ఇది చిన్న సంగతి కాదు, ఎందుకంటే రేడియో నాటకానికి ప్రాణమైన వాడుకభాష కోసం పోరాటం నడిచింది ఈ గడ్డ మీదే. గిడుగు రామమూర్తి పర్లాకిమిడిలో ఉండే వ్యావహారిక భాష కోసం వాదించారు, అక్కడే సవర భాష నేర్చుకుని దానికి పుస్తకాలు రాశారు. పర్లాకిమిడిని ఒడిశాలో కలిపినప్పుడు ఊరు విడిచి రాజమండ్రి వెళ్లిపోయారు. ఆయన శిష్యుడు తాపీ ధర్మారావు పుట్టింది బరంపురంలో. జయపురం మహారాజు విక్రమదేవవర్మ తెలుగులోనూ ఒడియాలోనూ రాశారు, ఆంధ్ర విశ్వవిద్యాలయానికి ఏటా లక్ష రూపాయలు ఇచ్చారు. ఇలాంటి చోట రాసేవాళ్లకి కొదవ ఎందుకుంటుంది? కొదవంతా వాళ్ల మాట వినిపించే చోటుకే.

చెవి కోసమే రాసే నాటకం అనే ఆలోచన బయటినుంచి వచ్చింది. 1924 జనవరి 15న లండన్‌లో బీబీసీ ఒక నాటకం ప్రసారం చేసింది. రచయిత రిచర్డ్ హ్యూస్. బొగ్గుగనిలో దీపాలు ఆరిపోయి కొందరు చీకట్లో చిక్కుకుపోతారు, అంతే కథ. రేడియో కోసమే రాసిన మొదటి నాటకంగా దాన్ని చెబుతారు. పాత్రలకీ ఏమీ కనబడదు, వినేవాడికీ ఏమీ కనబడదు. లోపం అనుకున్నదాన్నే కథకి ఆధారం చేసుకున్నాడాయన. ఈ నూరేళ్లలో రేడియో నాటక రచన ఎంత మారినా, మొదటి పాఠం ఇప్పటికీ అదే అని నా నమ్మకం.

తెలుగులో ఆ పాఠం ఒంటబట్టడానికి కొంత కాలం పట్టింది. మొదట్లో స్టేజీ నాటకాన్నే కుదించి మైకు ముందు చదివేవారు. టేపు వాడుకలోకి వచ్చేదాకా నాటకమంటే ప్రత్యక్ష ప్రసారమే. తప్పు చదివితే తప్పే వెళ్లిపోయేది, కాగితం తిప్పిన చప్పుడు కూడా ఊరంతా వినిపించేది. అందుకే స్క్రిప్టు కాగితానికి ఒకవైపే రాసి, పిన్ను కొట్టకుండా విడి విడిగా ఉంచుకునేవారు. వ్యవధి దాటడానికి వీల్లేదు, వెనకాలే వార్తలుంటాయి. రచయిత రాసింది నిమిషాల లెక్కకి సరిపోకపోతే నిర్మాత కత్తెర వేసేవాడు. దేవులపల్లి కృష్ణశాస్త్రి లాంటి కవులు రేడియోకి రాశారు. బుచ్చిబాబు మద్రాసు కేంద్రంలోనూ, గోపీచంద్ విజయవాడ కేంద్రంలోనూ ఉద్యోగాలు చేశారు. రచయితలే స్టూడియోలో కూర్చోవడం వల్ల తెలుగు రేడియో నాటకానికి మంచి వాక్యం అబ్బింది.

1948లో రెండు కేంద్రాలు వచ్చాయి. జనవరి 28న కటక్, డిసెంబర్ 1న విజయవాడ. సరిహద్దు జిల్లాల శ్రోతకి ఆ ఏడాదితో రెండు ఇళ్లు ఏర్పడ్డాయి. పగలు కటక్ బాగా పట్టేది. చీకటి పడ్డాక విజయవాడ లేచి వచ్చేది. మీడియం వేవ్ గుణమే అంత. పగలు నేలను అంటిపెట్టుకుని వెళ్తుంది, రాత్రి ఆకాశం పొరల మీద నుంచి తిరిగి పడి వందల మైళ్లు దాటుతుంది. కొండలు దానికి అడ్డం కావు. ఉదయగిరి అవతలున్నా, మహేంద్రగిరి నీడలో ఉన్నా, పోస్టాఫీసులో లైసెన్సు కట్టి రేడియో పెట్టుకున్న ఇంట్లో తెలుగు నాటకం వినబడింది.

1956లో అఖిల భారత నాటక కార్యక్రమం మొదలైంది. ఏదో ఒక భాషలోని మంచి నాటకాన్ని మిగతా భాషల్లోకి అనువదించి, అన్ని కేంద్రాలూ ఒకే రాత్రి ప్రసారం చేసేవి. దీన్ని మిగతా దేశం ఎలా విన్నదో గానీ, మా వైపు విన్న తీరు వేరు. ముల్లు ఇటు తిప్పితే తెలుగు, అటు తిప్పితే ఒడియా. అదే సన్నివేశం, అదే ఏడుపు, రెండు భాషల్లో. తండ్రి తెలుగు రూపం, కాలేజీలో ఒడియా చదివిన కూతురు ఒడియా రూపం వినాలని పట్టుబట్టగలిగిన ఇళ్లు ఈ సరిహద్దులో తప్ప ఇంకెక్కడ ఉంటాయి? నాటక రచనకి ఇంతకన్నా మంచి బడి ఉండదు. ఒకే మాటకి రెండు భాషల్లో ఎంత సమయం పడుతుందో, ఎక్కడ ఊపిరి తీసుకోవాలో ఆ రాత్రుల్లో చెవికి తెలిసిపోయేది.

1963లో విశాఖపట్నం కేంద్రం వచ్చింది. మా వాళ్లకి అది పండగే. అప్పటిదాకా రేడియో తెలుగంటే ఎక్కువగా కృష్ణా గుంటూరు తెలుగు. విశాఖ వచ్చాక "ఏటమ్మా", "ఎల్లిపోనాడు" అనే మాట హాస్య పాత్రకే కాదు, కథానాయకుడి తండ్రికీ దక్కింది. అదే రోజుల్లో ఒడిశా వైపు సంబల్‌పూర్, జయపురం కేంద్రాలు పుట్టాయి, బరంపురానికి తొంభైల్లో ఎఫ్ఎం వచ్చింది. తెలుగులో పేరున్న నాటక రచయిత గొల్లపూడి మారుతీరావు ఆకాశవాణి ఉద్యోగం మీద సంబల్‌పూర్‌లో కూడా పనిచేశారు. ఉద్యోగి గీత దాటి వెళ్లగలిగాడు. స్క్రిప్టు దాటలేకపోయింది.

ఎందుకంటే ఆకాశవాణి పని ప్రాంతాల లెక్కన నడుస్తుంది. ప్రతి కేంద్రానికీ తన పరిధి ఉంటుంది. నటుల్ని ఆ పరిధిలోనే గొంతు పరీక్ష పెట్టి తీసుకుంటారు, గ్రేడు ఇస్తారు, ఆ గ్రేడుని బట్టి పారితోషికం. రచయితకి గ్రేడు లేకపోయినా, కేంద్రం సహజంగా తన చుట్టుపక్కల వాళ్ల వైపే చూస్తుంది. స్క్రిప్టు చర్చకి పిలవాలి, మార్పులు చేయించాలి, రిహార్సల్‌కి రమ్మనాలి. బరంపురం నుంచి విశాఖకి రెండొందల అరవై కిలోమీటర్లు. పావుగంట నాటిక పారితోషికం రైలు ఖర్చుకీ హోటలుకీ పోతే మిగిలేదేమిటి? ఇందులో ఎవరి కుట్రా లేదు. భాష ఒక గీత ప్రకారం, పరిపాలన ఇంకో గీత ప్రకారం నడిస్తే మధ్యలో ఉన్నవాడికి జరిగేది ఇదే.

ఇంకో అడ్డంకి రచనలోనే ఉంది. దాన్ని దగ్గర్నుంచి చూపించాలి. ఒక స్టేజీ నాటకంలో ఇలా ఉందనుకోండి: పార్వతి గుమ్మంలో నిలబడి ఉంటుంది, చేతిలో ఉత్తరం, తండ్రి తలెత్తి చూస్తాడు. రేడియోకి ఇందులో ఒక్క ముక్క కూడా పనికిరాదు. దాన్ని ఇలా రాయాలి:

(దూరంగా రైలు కూత. తలుపు కిర్రుమన్న చప్పుడు.)
పార్వతి: (కాస్త దూరం నుంచి) నాన్నా, భోంచేసేవా?
తండ్రి: ఆఁ... చేతిలో ఏటమ్మా ఆ కాగితం? ఎవరు రాసేరు?
పార్వతి: (దగ్గరికి వస్తూ) ఎవరూ రాయలేదు. నేనే రాసేను. పోస్టు చెయ్యలేదు.

రైలు కూతతో ఊరు వచ్చింది. గొంతు దూరంతో గుమ్మం వచ్చింది. "నాన్నా" అన్న పిలుపుతో వరస తెలిసింది. తండ్రి ప్రశ్నతో ఉత్తరం కంటికి కనబడింది. ఎవరూ వర్ణించలేదు, ఎవరూ "నేను గుమ్మంలో నిలబడ్డాను" అనలేదు. మైకుకి దగ్గర, దూరం అనే ఈ రెండిటితోనే రేడియో నిర్మాత సెట్టింగు అంతా వేస్తాడు. పాత్రలు ఐదారు దాటితే గొంతులు కలిసిపోతాయి. ఒకే వయసు ఆడగొంతులు రెండు వరసగా మాట్లాడితే ఎవరు ఎవరో పట్టదు. మౌనం కూడా రెండు మూడు సెకన్లు మించితే రేడియో పాడైందనుకుంటారు.

ఇక్కడే సరిహద్దు రచయితకి అసలు పరీక్ష. ఈ పార్వతి మరుసటి సన్నివేశంలో వీధిచివర దుకాణానికి వెళ్తుంది. అక్కడ ఆమె "కెతే హెలా?" అనే అడుగుతుంది, "ఎంతయింది?" అని అడగదు. బరంపురంలో అడిగే తీరు అది. దుకాణదారు గొంతు ఒడియా అయితేనే ఆ వీధి చెవికి కనబడుతుంది. స్టేజీ మీద ప్రేక్షకులు ఊరివాళ్లే కాబట్టి ఇలాంటి నాటకం హాయిగా నడుస్తుంది. తెలుగు కేంద్రానికి పంపితే ఒడియా సంభాషణ ఎక్కువైందంటారు, ఒడియా కేంద్రానికి తెలుగు ఎక్కువవుతుంది. రచయిత భయపడి దుకాణదారు చేత కూడా తెలుగే మాట్లాడిస్తాడు. నాటకం ఎక్కడైనా జరిగేదిగా మారిపోతుంది. ఈ రాజీ వల్ల మా వైపు కథలు ఎంత చప్పబడ్డాయో తలుచుకుంటే నాకు బాధేస్తుంది. నా మాట వింటే, రెండో భాషని తియ్యకండి. ఒడియా వాక్యం పక్కనే వచ్చే తెలుగు జవాబులో అర్థం దొరికేలా రాయండి. "కెతే హెలా?" తర్వాత పార్వతి "ఇరవయ్యా! మొన్న పదిహేనే కదా తీసుకున్నావు" అని తెలుగులో గొణుక్కుంటే విజయవాడ శ్రోతకీ తెలిసిపోతుంది.

తర్వాతి కథ అందరికీ తెలిసిందే, తొందరగా చెబుతాను. 1987 జనవరిలో దూరదర్శన్‌లో రామాయణం మొదలయ్యాక ఆదివారం టీవీది అయిపోయింది. 2001 నుంచి ప్రైవేటు ఎఫ్ఎంలు వచ్చాయి, వాటిది పాటల వ్యాపారం. ఆకాశవాణి పాత మీడియం వేవ్ ట్రాన్స్‌మిటర్లని చాలాచోట్ల మూసేస్తూ ఎఫ్ఎం వైపు వెళ్లింది. ఎఫ్ఎం శబ్దం శుభ్రంగా ఉంటుంది గానీ అది చూపు పారినంత మేరకే వెళ్తుంది, తూర్పు కనుమలు అడ్డొస్తే ఆగిపోతుంది. రాత్రిపూట కొండ దాటి వచ్చిన తెలుగు నాటకం ఈ మార్పులో పోయింది. న్యూస్ ఆన్ ఎయిర్ యాప్‌లో ఇప్పుడు ఏ కేంద్రాన్నయినా వినొచ్చన్నది నిజమే. అది శ్రోతకి దొరికిన దారి. రచయిత ఇబ్బంది అలాగే ఉంది.

అందుకే కొత్తవాళ్లు ఆడియో యాప్‌ల వైపు చూస్తున్నారు. అక్కడ జిల్లా అడగరు, అది మంచిదే. కానీ ఒప్పందం చదవకుండా సంతకం పెట్టే అలవాటు మనకి ఆకాశవాణి రోజుల నుంచీ ఉంది. అప్పుడు ప్రభుత్వ సంస్థ కాబట్టి నడిచింది. ఇప్పుడు చదవాల్సిందే. 1957 కాపీరైట్ చట్టం 19వ సెక్షన్ ప్రకారం హక్కుల బదిలీ రాతపూర్వకంగా ఉండాలి, సంతకం ఉండాలి, ఏ హక్కు, ఎంతకాలం, ఎక్కడిదాకా, ఎంత డబ్బు అన్నది రాసి ఉండాలి. కాలం రాయకపోతే అయిదేళ్లు అని లెక్క. ప్రాంతం రాయకపోతే భారతదేశం వరకే. వేరే షరతు లేకపోతే, తీసుకున్నవాళ్లు ఏడాదిలోగా ఆ హక్కు వాడుకోకపోతే బదిలీ చెల్లదు. 2012 సవరణతో ఇంకోటి చేరింది: ఒప్పందం నాటికి వాడుకలో లేని మాధ్యమానికి, ప్రత్యేకంగా పేరు పెట్టి రాస్తే తప్ప, ఆ బదిలీ వర్తించదు. రేపు వచ్చే కొత్త యంత్రం మీద హక్కు కూడా ఈరోజే రాయించుకునేవాళ్లు ఉంటారు, ఆ వాక్యం దగ్గర ఆగి అడగండి. ఒక్కసారి మొత్తం డబ్బు ఇచ్చి అన్ని హక్కులూ శాశ్వతంగా అన్నచోట, కనీసం స్టేజీ హక్కు, పుస్తకం హక్కు మీ దగ్గర ఉంచుకోండి.

ఇంకో దారి ఉంది, దాన్ని మా వైపు ఎవరూ సరిగా పట్టించుకోలేదు. 2006 నుంచి స్వచ్ఛంద సంస్థలు కూడా కమ్యూనిటీ రేడియో పెట్టుకోవచ్చు. ప్రసారశక్తి 100 వాట్లు, చుట్టూ అయిదు నుంచి పది కిలోమీటర్లు వినిపిస్తుంది. కార్యక్రమాల్లో సగమైనా స్థానికుల భాగస్వామ్యంతో తయారవ్వాలి, వీలైనంత వరకు స్థానిక భాషలో, యాసలో ఉండాలన్నది నిబంధన. పర్లాకిమిడిలో స్థానిక భాష ఒకటి కాదు. తెలుగు, ఒడియా, సవర మూడూ ఒకే నాటకంలో వినిపిస్తే ఆ నిబంధనకి అంతకన్నా సరైన అర్థం ఏముంటుంది? అక్కడ నుంచి ఆంధ్రాలోని పాతపట్నం ఆ పది కిలోమీటర్ల లోపే ఉంటుంది. లైసెన్సుకి దరఖాస్తు చేసుకోగలిగిన సంస్థ ఒకటి ముందుకొస్తే, వారానికో పావుగంట నాటిక రాసిచ్చే రచయితలు ఈ పట్టణాల్లో ఇప్పుడే ఉన్నారు.