తెలివిలో సగం పుట్టుకదేనా? ఈ లెక్క ఎక్కడి నుంచి వచ్చింది

ఇంటర్ రిజల్ట్స్ వచ్చినప్పుడల్లా నల్లగొండలోనైనా పాలమూరులోనైనా వినబడే మాటే ఇది: "వాళ్ల నాయిన లెక్కల్లో దిట్ట, పిల్లగానికి రాకేం జేస్తది." ఈమధ్య దీనికి సైన్స్ ముద్ర కూడా పడింది, తెలివిలో సగం జన్యువులదేనని వీడియోల్లో ధీమాగా చెప్పేస్తున్నారు. ఆ సగం గాల్లోంచి పుట్టలేదు, దాని వెనక 150 ఏళ్ల కవలల లెక్కలున్నాయి. అందులో కొన్ని దొంగ లెక్కలన్న అనుమానమూ ఉంది.

కవలలను చూస్తే పుట్టుక ఎంత, పెంపకం ఎంత అన్నది తేలుతుందని 1875లో రాసింది బ్రిటన్ శాస్త్రవేత్త ఫ్రాన్సిస్ గాల్టన్. మనుషుల్లో మేలుజాతిని తయారుచేయాలన్న యూజెనిక్స్‌కు 1883లో పేరు పెట్టిందీ ఆయనే. అసలు పద్ధతి కుదిరింది 1924లో. జర్మన్ చర్మవైద్యుడు హెర్మన్ సీమెన్స్, ఒకే అండం చీలి పుట్టిన కవలల్నీ వేర్వేరు అండాల కవలల్నీ పక్కపక్కన పెట్టి పోల్చాడు. మొదటిరకం వాళ్లకు జన్యువులు దాదాపు మొత్తం ఒకటే, రెండోరకానికి సగటున సగమే కలుస్తాయి, ఇల్లు మాత్రం ఇద్దరిదీ ఒకటే, కాబట్టి మొదటివాళ్లలో అదనంగా కనిపించే పోలిక జన్యువుల ఖాతాలోకి. బాగానే ఉంది గానీ, అచ్చు ఒకేలా ఉన్న పిల్లలకు ఒకే రంగు గౌన్లు కుట్టించి ఒకే బెంచీలో కూర్చోబెట్టే అమ్మల సంగతేంటి? ఆ పోలికంతా జన్యువులదే ఎలా అవుతుంది?

అందుకే విడిగా పెరిగిన కవలల కోసం వెతుకులాట మొదలైంది. బ్రిటన్‌లో సిరిల్ బర్ట్ అనే మనస్తత్వవేత్త 1955లో అలాంటివాళ్లు 21 జతలన్నాడు, 1966కల్లా 53 అన్నాడు. జతలు రెండింతలు దాటినా ఇద్దరి ఐక్యూ ఎంత కలుస్తుందో చెప్పే అంకె (1 అంటే పూర్తిగా కలిసినట్టు) మాత్రం 0.771 దగ్గరే, మూడో దశాంశం దాకా కదలకుండా నిలబడింది. ఆయన పోయాక 1974లో అమెరికా మనస్తత్వవేత్త లియాన్ కామిన్ దీన్ని బయటపెట్టాడు. బర్ట్‌ను వెనకేసుకొచ్చినవాళ్లు ఇప్పటికీ ఉన్నారు, ఆ అంకెల్ని నమ్మి వాడేవాళ్లు మాత్రం లేరు. జేమ్స్ షీల్డ్స్ 1962లో చూపిన 44 జతలు నిజమైనవే గానీ, వాళ్లలో చాలామంది పెరిగింది అత్తల దగ్గరో పిన్నుల దగ్గరో. మన దగ్గర తమ్ముడి బిడ్డను అక్క సాదుకున్నట్టే అన్నమాట, దాన్ని వేరే ఇల్లు అనగలమా?

తర్వాత 1979లో అమెరికాలోని మిన్నెసోటాలో థామస్ బుషార్డ్ విడిగా పెరిగిన కవలల మీద మొదలుపెట్టిన అధ్యయనం గట్టిది. ఐక్యూ తేడాల్లో దాదాపు 70 శాతం జన్యువులదని 1990లో తేల్చారు. దత్తత వైపు నుంచి లెనర్డ్ హెస్టన్ 1966లో ఇచ్చిన ఆధారం నాకు వీటన్నిటికంటే బలంగా కనిపిస్తుంది: స్కిజోఫ్రెనియా అనే తీవ్రమైన మానసిక జబ్బు ఉన్న తల్లుల నుంచి పుట్టగానే దూరమై పెరిగిన 47 మందిలో 5గురికి ఆ జబ్బు వచ్చింది, పోల్చి చూసిన, ఆ జబ్బు లేని తల్లుల పిల్లలు 50 మందిలో ఒక్కరికీ రాలేదు. తల్లిపెంపకమే కారణమని ఆడవాళ్లను నిందించే రోజులవి. అయితే దత్తత సంస్థలు ఇల్లూ జీతమూ చూసే పిల్లల్ని ఇస్తాయి, కూలోళ్ల ఇంటికి ఇవ్వవు. అలా పెంచుకునే ఇళ్ల మధ్య తేడాలు ముందే తగ్గిపోతాయి కాబట్టి ఐక్యూ లాంటి లెక్కల్లో పెంపకం వాటా చిన్నగా కనబడొచ్చు.

వీడియోల్లో తిరిగే "సగం" 2015 నాటిది. కోటిన్నరకు దగ్గరగా కవల జతల ఫలితాలు కలిపితే, తెలివి ఒక్కటే కాదు, వేలాది లక్షణాల మీద జన్యువుల వాటా సగటున 49 శాతం వచ్చింది. ఇది ఒక గుంపులో మనిషికీ మనిషికీ మధ్య తేడాల లెక్క, ఒక పిల్లవాడి తెలివిని రెండు ముక్కలు చేసి కొలిచింది కాదు. నల్లగొండ జిల్లాలో మర్రిగూడ, మునుగోడు వైపు నీళ్లలో ఫ్లోరైడ్ ఎక్కువున్న ఊళ్లే తీసుకోండి. అందరూ అవే బోరు నీళ్లు తాగారు, ఒకరికి గారపళ్లతో ఆగింది, ఇంకొకరికి నడుమే వంగిపోయింది. నీళ్లు నిజంగా అందరికీ ఒక్కటే అయిన ఊళ్లో కవలల లెక్క కడితే తేడా చాలావరకు ఒంటితత్వానిదే అని వస్తుంది. జబ్బుకు మూలం మాత్రం బోరే.

ఎరిక్ టర్క్‌హైమర్ బృందం 2003లో అమెరికాలో ఏడేళ్ల కవల పిల్లల్ని చూసినప్పుడూ పరిస్థితిని బట్టి ఈ వాటా మారుతుందనే బయటపడింది: బీద ఇళ్లలో ఐక్యూ తేడాల్లో 60 శాతం దాకా ఇంటి పరిస్థితులది, జన్యువుల వాటా సున్నాకు దగ్గర, ఉన్నోళ్ల ఇళ్లలో దాదాపు తలకిందులు. ఇలాంటి అధ్యయనాలన్నీ 2016లో కలిపి చూస్తే ఈ ధోరణి అమెరికాలో కనబడింది గానీ పశ్చిమ యూరప్‌లో, ఆస్ట్రేలియాలో కనబడలేదు. అక్కడ బడీ దవాఖానా బీదవాళ్లకూ అందుతాయి కాబట్టి కావొచ్చన్నది పరిశోధకుల ఊహ.